నాలుగు వైట్ వాల్స్

ఆ సోమవారం ఉదయం లెక్కల మాస్టారు పళ్ళు తోముకుంటూనే వారానికి సరిపడా ప్లాను వేసేసుకున్నారు. సోమవారం రిమ్ములు మేస్త్రీకి ఇవ్వాలి. మంగళవారం టైర్లు ఎంచుకోవాలి. శనివారం ఆ రెండింటినీ ఒకటి చేయాలి. ఆదివారం సాయంత్రం లోపల కారు షెడ్డులోంచి బయటికి రావాలి. ఇందులో అర్థం కానిదేమీ లేదు. ఆయన తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక్కసారి చెబితే ఎక్కేస్తుంది. కాని ఆ ఉదయం ఇంట్లో సాయానికి దొరికింది తొమ్మిదో తరగతి పిల్లలు కాదు, బావమరిది.

ముందు కారు సంగతి చెప్పాలి. అది మాస్టారి కంటే రెండేళ్ళు పెద్దది. గుండ్రటి లైట్లు, ఉబ్బిన బుగ్గల్లాంటి మడ్‌గార్డులు. పదకొండేళ్ళ కిందట ఒక డాక్టరు దగ్గర కొని, తాడు కట్టి లాక్కొచ్చి షెడ్డులో పెట్టారు. అప్పటి నుంచీ అది నాలుగు ఇటుకల దొంతరల మీద కూర్చుని ఉంది. ఇంజను బాగుచేయించారు, బ్రేకులు బాగుచేయించారు, చక్రాల దగ్గరికి వచ్చేసరికి ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డం పడేది. ప్రతి ఆదివారం మాస్టారు లోపల కూర్చుని స్టార్ట్ చేసేవారు. కారు గుర్రుమనేది, వణికేది, ఎక్కడికీ వెళ్ళేది కాదు. పావుగంట తరవాత ఆయన దిగి, పొరుగూరు వెళ్ళొచ్చినవాడిలా మొహం కడుక్కుని టీ అడిగేవారు.

నవ్వకండి. చిన్నప్పుడు ఆయన బడికి నడిచి వెళ్ళే దారిలో ఇలాంటి కారే ఒకటి రోజూ మొహాన దుమ్ము కొట్టి పోయేది. ఎప్పటికైనా ఆ దుమ్ము కొట్టేవాడు తనే కావాలని అప్పుడే అనుకున్నారు. ఇప్పుడు యాభై ఆరేళ్ళు వచ్చాయి. ఆ కారంటే ఆయనకు ప్రాణం.

ఆయన భార్య పుస్తకాలకు బైండింగు చేస్తుంది. ఆవిడ చేతి నుంచి వచ్చిన పుస్తకానికి చిరగాలంటే భయమని లైబ్రరీవాళ్ళు అంటుంటారు. పనంతా భోజనాల బల్ల మీదే. ఒక చివర జిగురు డబ్బాలు, ఒక చివర కంచాలు. ఒకసారి మాస్టారి కళ్ళజోడు ఏడో తరగతి చరిత్ర పుస్తకంలో పడి దానితోపాటే బైండయిపోయింది. ఈ మధ్య పని పెరిగింది, పేద్ద కాగితాల కటింగ్ మిషను ఒకటి కొన్నది. వచ్చే సోమవారం అది దిగుతుంది. దిగాలంటే షెడ్డు కావాలి.

"ఆదివారం సాయంత్రానికి మీ కారు తన కాళ్ళ మీద తను బయటికొస్తే వాకిట్లో ఉండనిస్తాను," అన్నది ఆవిడ, ఒక పుస్తకం వీపుకు గుడ్డ అంటిస్తూ. "రాకపోతే పాత సామాన్ల అతను వచ్చి పట్టుకెళ్తాడు. ఇప్పటికే చెప్పి ఉంచాను."

ఆవిడ గొంతు పెంచలేదు. ఆవిడ గొంతు పెంచి అన్న మాటలు కొన్ని జరిగాయి, కొన్ని జరగలేదు. గొంతు పెంచకుండా అన్నవి మాత్రం ముప్పై ఏళ్ళలో ఒక్కటీ తప్పలేదు. అందుకే మాస్టారు ఆ సోమవారం పొద్దున్నే లేచారు.

ఇక బావమరిది. ఆవిడ తమ్ముడు. పక్క వీధిలోనే ఉంటాడు, పొద్దున్నే అక్క చేతి టీ తాగందే ఏ పనీ మొదలుపెట్టడు. మనిషి మంచివాడే గాని, ఏ కబురు అప్పగించినా సగం మాటలు మింగేసి మిగతా సగం చేరవేస్తాడు. వెనకటికి తంతి కబుర్లు, అదే టెలిగ్రాములు, అలాగే ఉండేవి కాబట్టి వీధివీధంతా అతన్ని తంతి అనే పిలుస్తుంది. అతని అసలు పేరు అతని భార్యకైనా గుర్తుందో లేదో.

తుప్పు పట్టిన నాలుగు రిమ్ముల్నీ ట్రాలీ బండి మీదికి ఎక్కిస్తూ మాస్టారు తంతిని పిలిచారు.

"ఏమోయ్, నాకు బడికి టైమైపోతోంది. టైర్ల షాపాయనకి ఫోన్ చెయ్యి. మన షెడ్డులో ఉన్న కారుకి వైట్ వాల్స్ కావాలి, నాలుగు, ఆదివారం లోపల అని చెప్పు. తెల్ల పట్టీ బాగా వెడల్పుగా ఉండాలి. గుర్తుంటుందా?"

"ఇందులో ఏముంది బావగారూ. నాలుగు వైట్ వాల్స్. షెడ్డు. ఆదివారం."

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. వైట్ వాల్ అంటే పక్కవైపున చుట్టూ తెల్ల పట్టీ ఉండే టైరు. పాతకాలపు కారుకు అది తొడిగితే ఆ అందమే వేరు. మాస్టారు రెండేళ్ళుగా ఆ తెల్ల పట్టీని కలలో చూస్తున్నారు. తంతి మాత్రం ఆ మాట వినడం అదే మొదటిసారి.

పదింటికి తంతికి కబురు గుర్తొచ్చింది. నాలుగు, వైట్ వాల్స్, షెడ్డు, ఆదివారం, తెల్ల పట్టీ. అన్నీ ఉన్నాయి. ఎవరికి చెప్పాలన్నది మాత్రం మింగేసిన మాటల్లో పోయింది. అప్పుడు అతను కాస్త బుర్ర పెట్టి ఆలోచించాడు, అదే కొంప ముంచింది. గోడలు తెల్లగా చేసేది ఎవరు? పెయింటరు. ఫోన్ తీశాడు.

"అన్నా, మా బావగారికి వైట్ వాల్స్ కావాలట. నాలుగు. షెడ్డులో."

"మొత్తం తెలుపేనా? కింద పట్టీ వేరే రంగు వేస్తే మురికి కనబడదు."

"పట్టీ గురించి కూడా అన్నారు. అది కూడా తెలుపేనట."

"ఎప్పటికి కావాలి?"

"ఆదివారం లోపల."

"ఖాళీగానే ఉన్నా. ఇప్పుడే వస్తున్నా."

ఇప్పుడే వస్తున్నానని చెప్పి అప్పుడే వచ్చే పెయింటరు ఈ లోకంలో ఉన్నాడంటే మీరు నమ్మరు. నేనూ నమ్మలేదు. కాని అతను నిజంగానే పదకొండింటికల్లా నిచ్చెనతో సహా షెడ్డులో ఉన్నాడు.

సాయంత్రం మాస్టారు ఇంటికి వచ్చేసరికి గుమ్మం దాకా రంగు వాసన కొట్టింది. రిమ్ముల మేస్త్రీ అంత త్వరగా రంగు వేసేసి పంపించాడా అని ఆయన సంబరంగా షెడ్డు దగ్గరికి పరిగెత్తారు. లోపల ఒక గోడ పాలలా తెల్లగా మెరుస్తోంది. రెండో గోడ సగం అయింది. కారు మీద పాత దుప్పట్లు కప్పి ఉన్నాయి. నిచ్చెన మీద పెయింటరు, నిచ్చెన కింద భార్య. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

"ముప్పై ఏళ్ళ కాపురంలో నేను అడక్కుండా మీరు చేసిన మొదటి పని ఇది," అన్నది ఆవిడ. "నా మిషను కోసమేనా?"

మాస్టారు తల ఎత్తి పెయింటర్ని చూశారు. పెయింటరు బ్రష్షుతో దణ్ణం పెట్టాడు.

"మీ బావమరిది ఫోన్ చేశాడండి. నాలుగు వైట్ వాల్స్ అని."

మాస్టారికి అంతా ఒక్క క్షణంలో అర్థమైంది. ఆ క్షణంలోనే నిజం చెప్పేసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కాని భార్య తనని అలా చూసి ఎన్నేళ్ళయిందో ఆయనకు లెక్కకు అందలేదు. లెక్కల మాస్టారికే అందలేదంటే చూసుకోండి.

"నీ మిషనుకి... వెలుతురు కావాలి కదా," అన్నారు, నీళ్ళు నములుతూ.

"నాకు ముందే చెప్పచ్చు కదండీ."

"చెబితే ఏం బావుంటుంది."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పెయింటరు మర్యాదగా గోడ వైపు తిరిగాడు. తరవాత ఇక తప్పదన్నట్టు గొంతు సవరించుకున్నాడు.

"అమ్మగారూ, ఆ ఎడం పక్క గోడకి కారు మరీ ఆనుకుని ఉంది. పైనా పక్కలా వేయగలను గాని కారు వెనకాల బ్రష్షు దూరదు. కారు తీస్తేనే నాలుగో గోడ పూర్తవుతుంది. శుక్రవారం నుంచి నాకు వేరే చోట పనుంది. గురువారం సాయంత్రం లోపల తీయించాలి."

"గురువారానికి తీసేస్తారు," అన్నది ఆవిడ మాస్టారి వైపు తిరిగి, ఎంతో నమ్మకంగా. "గోడలకు రంగు వేయించిన మనిషికి కారు తీయడం ఎంతసేపు. తీస్తారు కదండీ?"

"తీస్తాను."

"అయితే పాత సామాన్ల అతనికి కూడా గురువారమే రమ్మని చెబుతాను. ఒకవేళ కుదరకపోతే ఆదివారం దాకా గోడ మొండిగా ఉంచడమెందుకు."

అలా తన కారుకు మిగిలిన ఆరు రోజుల్లో మూడింటిని మాస్టారు తన నోటితోనే కొట్టేసుకున్నారు. ఆ రాత్రి ఆయనకు అన్నం సయించలేదు.

మంగళవారం పొద్దున్నే తంతిని సందు చివరికి లాక్కెళ్ళారు.

"వైట్ వాల్ అంటే ఏమిటనుకున్నావు?"

"తెల్ల గోడ. కాదా?"

"టైరు."

"టైరుకి గోడ ఎక్కడుంటుంది బావగారూ? పోనీ మీరైనా తెలుగులో చెప్పాల్సింది. ఇంగ్లీషుకి వేరే మాస్టారు ఉన్నారు కదా మీ బళ్ళో."

"సరే, అయిందేదో అయింది. మీ అక్కయ్యకి మాత్రం ఈ విషయం పొక్కకూడదు. నీకూ నాకూ మధ్యే."

"నా నోట్లోంచి మాట బయటికి రావడమే కష్టమని మీకు తెలుసు కదా," అన్నాడు తంతి.

అక్కడి నుంచి మాస్టారు బడికి సగం రోజు సెలవు పెట్టి రిమ్ముల మేస్త్రీ దగ్గరికి పరిగెత్తారు. మేస్త్రీ అప్పటికే ఇసుక కొట్టి తుప్పంతా దులిపేశాడు. వంకర పోయిన ఒక అంచును మిషను మీద తిప్పి సరిచేశాడు. పైన బూడిద రంగు ప్రైమరు కొట్టి ఆరబెట్టాడు. పదకొండేళ్ళుగా బొగ్గు ముద్దల్లా ఉన్న రిమ్ములు బుద్ధిగా వరసలో నిలబడి ఉంటే మాస్టారి గుండె నిండిపోయింది.

"రేపు మీగడ రంగు రెండు పూతలు వేస్తా. ఎల్లుండి మధ్యాహ్నం ఇచ్చేస్తా," అన్నాడు మేస్త్రీ. "టైర్లు కొన్నారా?"

"ఇప్పుడు అక్కడికే. సైజెంత?"

"లోపలి అంచున గుద్ది ఉండాలండి. తుప్పు తినేసింది. పాత టైరు మీద చూసుకోండి."

పాత టైర్ల రబ్బరు ఎప్పుడో పెళ్ళలుగా రాలిపోయింది, దానితోపాటే అంకెలూ రాలిపోయాయి. మేస్త్రీ ఒక రిమ్ము తీసి చేతికివ్వబోయాడు. "ఇది షాపాయనకి చూపించండి, చూడగానే చెప్పేస్తాడు."

"తడి ప్రైమరు మీద వేళ్ళు పడతాయి. నేను కొలుస్తాను," అని మాస్టారు జేబులోంచి టేపు తీశారు. అంచు మీద ఒక కొస పెట్టి, అవతలి అంచు దాకా లాగి, వంగి చూశారు. మళ్ళీ చూశారు. పద్నాలుగూ పావు అంగుళాలు. పావు తీసేస్తే పద్నాలుగు. కాగితం మీద రాసుకుని, కింద రెండు గీతలు కూడా గీశారు.

టైర్ల షాపాయన నింపాదైన మనిషి. నిలువెత్తు టైర్ల దొంతరల మధ్య కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటాడు. మాస్టారు ఒక టైరు మీది అంకెల్ని వేలితో తడుముతూ చదివారు.

"నూట డెబ్భై అయిదు, గీత, ఎనభై, ఆర్, పద్నాలుగు. ఇదేమిటయ్యా?"

"సైజండి. మొదటిది వెడల్పు, మిల్లీమీటర్లు. గీత తరవాతది పక్క గోడ ఎత్తు, వెడల్పులో ఎనభై శాతం అన్నమాట. చివరిది రిమ్ము సైజు, అంగుళాలు."

"ఒక్క వస్తువుకి మిల్లీమీటర్లు, శాతం, అంగుళాలు. నా క్లాసులో ఎవడైనా ఇలా రాస్తే సున్నా వేసి బెంచీ ఎక్కించేవాణ్ణి."

"వేయండి మాస్టారూ, టైరు ఏమీ అనుకోదు. పాతరకం నైలాన్ టైర్లు కావాలా, రేడియల్సా? నైలాన్ అయితే కారు అచ్చం ఆనాటి కారులా ఉంటుంది గాని గుంతలన్నీ వెన్నుపూసకి తెలుస్తాయి. రేడియల్ అయితే మెత్తగా పోతుంది, మలుపుల్లో పట్టు ఉంటుంది. మీ కారు ఎంత వేగంలో వెళ్తుంది?"

"ఇంతవరకూ వెళ్ళలేదు."

"అయితే రేడియల్ తీసుకోండి. వెళ్ళడం మొదలుపెట్టాక భయం ఉండదు."

"అందులో వైట్ వాల్స్ ఉన్నాయా?"

షాపాయన లేచి అటక వైపు చూశాడు. కాగితంలో చుట్టిన నాలుగు టైర్లు కిందికి దిగాయి. కాగితం విప్పగానే నాలుగు వేళ్ళ వెడల్పు తెల్ల పట్టీ. మాస్టారు దాన్ని అరచేత్తో నిమిరారు. రెండేళ్ళ కల చేతికి చల్లగా తగిలింది.

"ఎవరో చెప్పి, తీసుకెళ్ళలేదు. కాని ఇవి పద్నాలుగు సైజండి. మీ కాలం కార్లకి ఎక్కువగా పదమూడే ఉంటుంది. ఒకసారి రిమ్ము తెచ్చి..."

"పద్నాలుగే. నేనే కొలిచాను."

"కొలిచారు సరే, ఎక్కడ కొలిచారని..."

"ముప్పై ఏళ్ళుగా పిల్లలకి వ్యాసం చెబుతున్నానయ్యా నేను."

షాపాయన వెంటనే తగ్గిపోయాడు. "వ్యాసాల దగ్గర నేను వీకండి. చిన్నప్పుడు బళ్ళో రాయమంటే గోడ దూకి పారిపోయేవాణ్ణి. మీ ఇష్టం. గురువారం మధ్యాహ్నం నేనే తెచ్చి ఎక్కిస్తాను."

బుధవారం మాస్టారికి మరీ కష్టంగా గడిచింది. పెయింటరు మూడు గోడలూ ముగించి, నాలుగోదాని మీద కారుకు పైనా, అటూ ఇటూ అందినంతా వేశాడు. ఈలోగా షెడ్డు కబురు వీధి చుట్టింది. సాయంత్రం పక్కింటి కండక్టరు చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా వచ్చేశాడు.

"మాస్టారూ, మా కాపురాలకి ఎసరు పెట్టారు మీరు. అడక్కుండానే భార్య కోసం గోడలకి రంగు వేయించాడట ఆయన, నువ్వు అడిగినా బల్బు మార్చవు అని పొద్దుట్నించీ ఒకటే పాట. వంటగదికి రంగు వేయిస్తానని ఒప్పుకుని బయటపడ్డాను. ఇంతకీ మీకు ఈ బుద్ధి ఎందుకు పుట్టింది?"

మాస్టారు అతన్ని ఎలాగో సాగనంపారు. లోపలికి వెళ్తే ఇంకో పరీక్ష. భోజనాల బల్ల మీద ఆయన పాత బీజగణితం పుస్తకం ఉంది. అట్టలు ఊడి, పదేళ్ళుగా దారం కట్టి వాడుతున్న పుస్తకం. ఇప్పుడు దానికి ముదురు ఎరుపు గుడ్డ అట్ట, మూలలకు తోలు, వీపు మీద బంగారు అక్షరాలు.

"ఎప్పట్నించో చేయాలనుకుంటున్నా," అన్నది ఆవిడ. "మీరు నా కోసం అంత చేస్తే నేను ఈ మాత్రం చేయకపోతే ఎలా?"

మాస్టారికి ఏడుపొచ్చినంత పనైంది. పుస్తకం తెరిచారు, మూశారు, మళ్ళీ తెరిచారు. చెప్పేద్దామని నోరు తెరిచి, "చాలా బావుంది," అని మాత్రం అన్నారు. ఆవిడ ఆయన మొహంలోకి ఒక్క క్షణం ఎక్కువగా చూసి, జిగురు డబ్బా మూత బిగించింది.

గురువారం మూడింటికల్లా అందరూ వాకిట్లో ఉన్నారు. మీగడ రంగులో తళతళలాడుతూ రిమ్ములు వచ్చాయి. టైర్లు వచ్చాయి. టైర్ల షాపాయన గాలి మిషను, లివర్లు తెచ్చుకున్నాడు. పెయింటరు మిగిలిన రంగు డబ్బా పక్కన పెట్టుకుని గోడ కోసం ఎదురుచూస్తున్నాడు. గేటు బయట పాత సామాన్ల వ్యాపారి చిన్న లారీ ఆపి, దాని బానెట్టు మీద కూర్చున్నాడు. కారును చూస్తూ లోలోపల ఇనుము వేరు, రేకు వేరు చేసేసుకుంటున్నాడని అతని మొహం చూస్తేనే తెలుస్తోంది.

షాపాయన మొదటి రిమ్మును నేల మీద పెట్టి, టైరు అందుకున్నాడు. మామూలుగా అయితే లివరు పెట్టి బలంగా నొక్కాలి. ఇక్కడ లివరు అక్కర్లేకుండానే టైరు రిమ్ము మీదికి జారి కూర్చుంది. తల్లి గాజు చిన్నపిల్ల చేతికి తొడిగినట్టు అటూ ఇటూ ఊగింది. గాలి కొట్టాడు. కొట్టిన గాలి కొట్టినట్టే చుట్టూ బుస్సున బయటికొచ్చింది.

"మాస్టారూ," అన్నాడు షాపాయన మెల్లగా, "ఇది పదమూడు రిమ్మండి."

మాస్టారు టేపు తీసి, అందరి ముందూ మళ్ళీ కొలిచారు. "పద్నాలుగూ పావు. రండి, చూడండి."

భార్య వచ్చి చూసింది. టేపును కాదు, రిమ్మును. వంగి, అంచు లోపల ఉన్న మెట్టు మీద వేలు పెట్టి చుట్టూ తిప్పింది.

"టైరు కూర్చునేది ఇక్కడ కదండీ?"

"అవునమ్మా, అక్కడే," అన్నాడు షాపాయన.

"మరి మీరు పై అంచు కొలిచారేం? అట్ట ఎప్పుడూ లోపలి కాగితం కంటే పెద్దదిగానే ఉంటుంది. మీరు అట్టను కొలిచి పుస్తకం సైజు చెప్పారు."

గేటు బయట వ్యాపారి బానెట్టు మీంచి దిగి, తాడు చుట్ట విప్పడం మొదలుపెట్టాడు. మాస్టారు టేపు జేబులో పెట్టేసుకున్నారు. పదకొండేళ్ళ కారు, తన చేత్తో తను కొలిచిన కొలతకు పోతోంది. దుఃఖం ముంచుకొచ్చింది. దాంతోపాటే ఇంకో సంగతి కూడా స్పష్టంగా తెలిసింది. కారు ఎలాగూ పోతోంది, ఇక అబద్ధం దాచి ఏం బావుకోవాలి?

"తప్పు కొలిచాను," అన్నారు. ముప్పై ఏళ్ళలో ఆ మాట ఆయన నోట ఎవరూ వినలేదు. కండక్టరు గోడ అవతల నుంచి తల పెట్టాడు. "ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ గోడలు నీ కోసం వేయించలేదు. వైట్ వాల్స్ అంటే ఈ టైర్లు. మీ తమ్ముడు పొరపాటున పెయింటర్ని పిలిచాడు. నేను సంతోషంగా ఒప్పేసుకున్నాను. నువ్వు అలా చూస్తుంటే కాదనడానికి నోరు రాలేదు. ఆ పుస్తకం చూసిన దగ్గర్నుంచీ నాకు నిద్ర లేదు. కారు పట్టుకెళ్ళనీ. అంతకు తగినవాణ్ణే."

ఆవిడ చేతికంటిన రంగు కొంగుకు తుడుచుకుంది.

"తెలుసు," అన్నది.

"ఏం తెలుసు?"

"వైట్ వాల్స్ అంటే టైర్లని. మంగళవారం టీ తాగేటప్పుడే మా తమ్ముడు చెప్పేశాడు. వాడి కడుపులో మాట దాగడం ఎప్పుడన్నా చూశారా?"

మాస్టారు తంతి వైపు తిరిగారు. తంతి ఆకాశం వైపు చూస్తున్నాడు. అందరికీ సగం కబుర్లే చేరవేసే మనిషి అక్కయ్య దగ్గర మాత్రం ఒక్క మాటా మింగడని అప్పటికి తెలిసొచ్చింది.

"మంగళవారమే తెలిస్తే నాతో ఎందుకనలేదు?"

"అప్పటికి రెండు గోడలే అయ్యాయి. నాలుగూ కానిద్దామని ఊరుకున్నాను."

"మరి తెలిసి కూడా బుధవారం నా పుస్తకం బైండు చేశావా?"

"అబద్ధం మీదే గాని గోడలు నిజమే కదండీ," అన్నది ఆవిడ. "పైగా ఎంత పెద్దదైనా, నన్ను సంతోషపెట్టడానికి మీరు ఆడిన అబద్ధం ఇదొక్కటే. మిగతావన్నీ కారు కోసం ఆడినవి." తరవాత షాపాయన వైపు తిరిగింది. "పదమూడువి ఉన్నాయా?"

"రేడియల్స్ ఉన్నాయమ్మా. కాని నల్లవే. పట్టీ లేదు."

"సాయంత్రం అంటే ఆరు దాకా సాయంత్రమే. వెళ్ళి తీసుకురండి." గేటు వైపు చూసి, "మీరు ఆ తాడు కాసేపు పక్కన పెట్టండి," అన్నది.

వ్యాపారి మళ్ళీ బానెట్టు ఎక్కాడు. తంతి షాపాయన వెంట బండెక్కాడు, కాని ఈసారి అతనికి ఏ కబురూ అప్పగించలేదు. నాలుగున్నరకు నాలుగు నల్ల టైర్లు వచ్చాయి. లివరు పెట్టి నొక్కితేగాని ఎక్కలేదు, గాలి కొడితే టప్పుమని అంచుకు పట్టుకున్నాయి. ఆ చప్పుడు విని మాస్టారు కళ్ళు మూసుకున్నారు. తెరిచి చూసి, నల్లటి టైర్ల వంక కాస్త దిగులుగా నిలబడ్డారు. కారు దక్కుతోంది గాని తెల్ల పట్టీ పోయింది.

అప్పటిదాకా మాట్లాడని పెయింటరు డబ్బా తీసుకుని లేచాడు.

"నన్ను వైట్ వాల్స్ అనే కదండీ పిలిచింది. ఇది కూడా నా పనే." అని చతికిలబడి, సన్న బ్రష్షుతో టైరు పక్కన గుండ్రంగా ఒక పట్టీ గీయడం మొదలుపెట్టాడు. "వాన పడితే నా పూచీ లేదు. ఎండ కాస్తే అసలే లేదు."

గోడ రంగు టైరుకు వేయడమేమిటని మాస్టారి నోటిదాకా వచ్చింది. మింగేసుకున్నారు. నాలుగో పట్టీ పూర్తయ్యేసరికి తనే వంగి, "ఇక్కడ కాస్త పలచబడింది," అని చూపిస్తున్నారు.

ఆరింటికి పది నిమిషాలుండగా చక్రాలు ఎక్కాయి, ఇటుకలు దిగాయి. పదకొండేళ్ళ తరవాత కారు నేల మీద నిలబడింది. మాస్టారు తాళం తీసుకుని లోపల కూర్చోబోతే భార్య ఆపింది.

"స్టార్ట్ చేయకండి. పొగకి గోడలు మసిబారతాయి. తొయ్యండి."

అందరూ తలో చెయ్యి వేశారు. మాస్టారు స్టీరింగు పట్టుకుని పక్కన నడిచారు. తంతి, షాపాయన, గోడ దూకి వచ్చిన కండక్టరు వెనక నుంచి తోశారు. అయినా గుమ్మం అంచు దగ్గర ఆగిపోయింది. పాత సామాన్ల వ్యాపారి కాసేపు చూసి, ఉండబట్టలేక తనూ వచ్చి భుజం పెట్టాడు. తన చేతికి రావలసిన సరుకును తన చేత్తోనే తోసి పోగొట్టుకున్న వ్యాపారి బహుశా అతనొక్కడే అయి ఉంటాడు. కారు ఊగి, గుమ్మం దాటి, వాకిట్లోకి వచ్చి ఆగింది. మాస్టారు కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకున్నారు. షెడ్డులో నాలుగో గోడ మీద, తెలుపు మధ్య, అచ్చం కారు ఆకారంలో పాత గోడ మిగిలి ఉంది. పెయింటరు దాన్ని కూడా చీకటి పడేలోగా తెల్లగా చేసేశాడు.

శుక్రవారం సాయంత్రం ఆవిడ పని ముగించి, ఊరికే చూద్దామని వెళ్ళి కారులో కూర్చున్నది. ఆ కారులో ఆవిడ కూర్చోవడం అదే మొదటిసారి. కాసేపు స్టీరింగు తిప్పింది. తరవాత చెయ్యి సీటు మీదికి పోయింది. చినిగిన అంచు ఒకటి వేలికి తగిలింది. లాగి చూసింది.

"ఈ కుట్టు ఎవరు వేశారండీ?"

"కంపెనీవాళ్ళే," అన్నారు మాస్టారు కిటికీలోంచి.

"వాళ్ళకి కుట్టు రాదు. ఇంకో ఏడాదికి మొత్తం ఊడుతుంది. విప్పండి, నేను వేస్తాను."

శనివారానికి సీట్లు నాలుగూ విప్పి షెడ్డులోకి చేరాయి. ఆదివారానికి తలుపుల లోపలి అట్టలు, పైకప్పు గుడ్డ కూడా చేరాయి. ఆవిడ నేల మీద కూర్చుని ముదురు ఎరుపు రెక్సిను కత్తిరిస్తోంది. వెలుతురు చాలా బావుందని రెండుసార్లు అన్నది.

"రేపు మిషను వస్తుంది కదా," అని మాస్టారు గుర్తుచేశారు. "ఇక్కడ చోటేదీ?"

"ఇది సగంలో ఎలా ఆపుతాను? దాన్ని ఇంకెక్కడన్నా దింపించండి."

సోమవారం మిషను వచ్చింది, అది పట్టే గది ఇంకొక్కటే ఉంది. మాస్టారు పాత సామాన్ల వ్యాపారికి తనే ఫోన్ చేశారు, అతను వచ్చి భోజనాల బల్ల పట్టుకెళ్ళాడు.

ప్రస్తుతం ఆ ఇంట్లో వాళ్ళు షెడ్డులో, కారు సీట్ల మీద కూర్చుని భోంచేస్తున్నారు.